'నా మొహం' అన్న కొండముచ్చు

అనగనగా ఒక అడవి. అందులో ఎన్ని చెట్లున్నాయని మాత్రం నన్నడగకండి. నేను లెక్కపెట్టడం మొదలుపెడితే మీరు నిద్రపోతారు, కథ నాకే మిగిలిపోతుంది. మనకు కావలసింది ఒకటే చెట్టు. వాగు పక్కనున్న నల్లమద్ది చెట్టు. దాని కొమ్మల మీద కొండముచ్చుల గుంపు ఉండేది. దాని కింద పచ్చికలో చుక్కల దుప్పుల మంద మేసేది.

ఈ రెండు గుంపులకూ ఒక ఒప్పందం ఉంది. కొండముచ్చులు పైనుంచి లేత ఆకులు రాల్చాలి. చిరుతపులి వస్తుంటే ముందే చూసి కేక వెయ్యాలి. దుప్పులు కింద గాలిలో వాసన పట్టాలి. ముక్కుకు ఏదైనా తేడాగా తగిలితే పైకి చెప్పాలి. పైన కళ్ళు, కింద ముక్కులు. అలా రెండు గుంపులూ హాయిగా బతుకుతున్నాయి.

కొండముచ్చుల్లో కాటుక అని ఒక పిల్ల ఉంది. అది పుట్టగానే దాని నల్లటి మొహం చూసి వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, "కాటుక దిద్దినట్టుందే నా తల్లి" అని మురిసిపోయి ఆ పేరు పెట్టింది. కాటుకకు చూపు గొప్పది. వాగు అవతల చీమ తుమ్మినా దానికి కనిపించేది. చీమలు తుమ్ముతాయా అని చెయ్యెత్తినవాళ్ళు దించెయ్యండి, కథకు అడ్డం. ఆ చూపు వల్లే చిటారుకొమ్మ మీద కావలి పని దానికి అప్పజెప్పారు.

ఒక ఎండాకాలం పొద్దున కాటుకకు వాగు అవతల ఏదో పసుపుగా కనిపించింది. దాని మీద నల్ల మచ్చలు. ఇంకేముంది, "ఖక్, ఖక్, ఖక్" అని కేక వేసింది. కింద దుప్పులు చెల్లాచెదురుగా పరిగెత్తాయి. కొన్ని వాగులో పడ్డాయి. కొన్ని రేగుపొదల్లో దూరి ఒంటి నిండా ముళ్ళు గుచ్చుకున్నాయి.

తీరా చూస్తే అది చిరుత కాదు. చీమలపుట్ట. దాని మీద ఎండ పడి, ఆ ఎండలో ఆకుల నీడలు పడి, మచ్చల్లా కనిపించాయి.

పక్కచెట్టు మీద ఎర్రన్న అని ఒక కోతి ఉండేవాడు. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పుట్టను చూసి పులి అన్నావా? కొండముచ్చు మొహమూ నువ్వూనూ" అన్నాడు. దాంతో అందరూ నవ్వారు. వెనకకాళ్ళ నిండా ముళ్ళున్న దుప్పులు కూడా నవ్వాయి. సాయంత్రానికల్లా ఎవరి పనుల్లో వాళ్ళు పడి ఆ సంగతి మరిచిపోయారు.

కాటుక మరిచిపోలేదు.

ఆ రోజు నుంచి దాని నోట్లో ఒక మాట కాపురం పెట్టింది.

"కాటుకా, తునికిపళ్ళు ఎక్కడ పండాయే?" అని జేజి అడిగితే, "నా మొహం, నాకేం తెలుసు జేజీ" అనేది.

"కాటుకక్కా, నువ్వు దూకితే భలే ఉంటుంది" అని దుప్పిపిల్ల చినుకు అంటే, "నా మొహం, ఇదీ ఒక దూకుడేనా" అనేది.

"ఇంకాస్త తినవే" అని అత్త పండు చేతికిస్తే, "నా మొహానికి ఇదొకటి తక్కువ" అనేది.

కావలి కొమ్మ మీద మాత్రం కూర్చునేది. కూర్చుని, చూసి, చూసినదాన్ని తనే నమ్మేది కాదు.

ఒకనాడు ఎండుగడ్డిలో ఒక తోక కనిపించింది. కేక గొంతుదాకా వచ్చింది. "నా మొహం, అది తీగ అయి ఉంటుంది" అనుకుని కేకను మింగేసింది.

అది తీగ కాదు. ఈసారి నిజంగానే చిరుత. అదృష్టం కొద్దీ, అదే సమయానికి వీపు గోకించుకుందామని పైకి వచ్చిన జేజి దాన్ని చూసి గట్టిగా అరిచింది. దుప్పులు తప్పించుకున్నాయి. కానీ చినుకు తొడ మీద చిరుత గోరు గీసుకుపోయింది.

చినుకు తల్లి చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చి తల పైకెత్తింది. "జేజమ్మా, మీ పిల్లను నేనేమీ అనను. మంచి పిల్ల. కానీ నాకున్నది ఒక్కగానొక్క బిడ్డ. కావలిలో ఉన్నది నోరు విప్పకపోతే మేం ఈ చెట్టు కింద ఎలా ఉంటాం? వానలు పడేదాకా చూస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే కొండ అవతలికి వెళ్ళిపోతాం" అంది.

కాటుక ఆకుల్లో మొహం దాచుకుంది. చినుకు వెళ్ళిపోతే దానికి ఇంకో స్నేహితురాలు లేదు.

ఇక చుట్టాలంతా వైద్యం మొదలుపెట్టారు. మామయ్య వచ్చి, "ధైర్యంగా ఉండాలే" అన్నాడు. ఎలా ఉండాలో చెప్పలేదు, పండు తిని వెళ్ళిపోయాడు. అత్త వచ్చి, "నలుపు కనపడకపోతే దిగులే ఉండదు" అని మొహమంతా ఎర్రమట్టి పూసింది. ఎండకు అది బీటలు వారి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కళ్ళల్లో పడి కాటుకకు సాయంత్రందాకా ఏమీ కనపడలేదు. ఇద్దరి వైద్యమూ అయ్యాక జేజి అంది:

"ఇది మనవల్ల అయ్యేది కాదు. సూదమ్మ దగ్గరికి పోదాం పద."

సూదమ్మ అంటే ముళ్ళపంది. బండరాళ్ళ దగ్గర గుహలో ఉంటుంది.

కాటుక బెదిరిపోయింది. "సూది వేస్తుందా?"

"వెయ్యదు. మాట్లాడుతుంది. ఆవిడది మాటల వైద్యం."

"మాట్లాడితే ఏమొస్తుంది జేజీ? మనం పొద్దస్తమానం మాట్లాడుకోవట్లేదా?"

"మనం మాట్లాడుకుంటాం, ఎవరం వినం" అంది జేజి. "ఆవిడ వినడం నేర్చుకుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే తీసేవాళ్ళను వెతుక్కుంటాం కదా. లోపల గుచ్చుకుంటే మాత్రం అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చుంటామా?"

పక్కచెట్టు మీంచి ఎర్రన్న తల బయటపెట్టాడు. "అక్కడికి పిచ్చోళ్ళు పోతారంట."

"నువ్వు వీపు మీద పేలు చూసుకో నాయనా" అంది జేజి, మనవరాలి చెయ్యి పట్టుకుని నడుస్తూ.

సూదమ్మ ఎండ చల్లబడ్డాక బయటికి వచ్చేది. ఆవిడ ముందు కూర్చోవాలంటే కాస్త ఎడంగా కూర్చోవాలి. దగ్గరికి తీసుకుని ఒళ్ళు నిమిరే వైద్యం ఆవిడది కాదు. ఆవిడ నిమిరితే నిమిరించుకున్నవాళ్ళు అడవంతా వినపడేలా అరుస్తారు మరి. జేజిని దూరంగా కూర్చోమని, కాటుక వైపు తిరిగింది.

కాటుక నేల చూస్తూ అడిగింది. "ఇప్పుడు మీరు నన్ను బంగారం, వజ్రం అని పొగుడుతారా సూదమ్మత్తా?"

"నిన్ను ఇప్పుడే కదమ్మా చూడటం. నువ్వు బంగారమో ఇనుమో నాకేం తెలుసు?"

కాటుకకు ఇది వింతగా అనిపించింది. కాస్త హాయిగా కూడా అనిపించింది. "నా మొహం, నావల్ల ఏదీ కాదత్తా" అంది.

"ఆగు. నీ మొహం, ఏమిటి?"

"ఏమిటంటే, ఏం లేదు. ఊరికే. నా మొహం, అంతే."

"అది సగం వాక్యం. నీ మొహానికి ఏమైంది? ఉందా, పోయిందా, వాచిందా?"

కాటుక చేత్తో తడుముకుని చూసుకుంది. "ఉంది."

"అయితే నీకు ఇచ్చే మందు ఇదే. ఆ మాట నోటికి వచ్చినప్పుడల్లా మింగెయ్యకు, సగంలో వదిలెయ్యకు. పూర్తి చెయ్యి. నిజమైన మాటతో పూర్తి చెయ్యాలి. పొగడక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఏది ఉంటే అది చెప్పు."

"చేదుగా ఉంటుందా?"

"ఒక్కోసారి."

ఆ తర్వాత నల్లమద్ది చెట్టు మీద చిత్రమైన మాటలు వినిపించాయి.

"నా మొహం..." అని ఆగేది కాటుక. "నా మొహం మీద ఈగ వాలింది."

"నా మొహం... ఎండకు చుర్రుమంటోంది."

"నా మొహం... నిన్నటి నుంచీ కడుక్కోలేదు."

"అది నిజమే" అనేది జేజి.

చినుకు కింద నుంచి పడీపడీ నవ్వేది. కాటుకకు కూడా సరదాగానే ఉండేది. కానీ ఒకరోజు దాని నోటి నుంచి, "నా మొహం చూసి అందరూ నవ్వారు" అని వచ్చింది. అప్పుడు సరదా ఆగిపోయింది. ఆ చేదు మందును నోట్లో పెట్టుకునే అది మళ్ళీ బండరాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఈసారి జేజి లేకుండా.

"అందరూ నవ్వారత్తా. నేను దేనికీ పనికిరాను" అంది.

"ఇవి రెండు మాటలు" అంది సూదమ్మ. "అందరూ నవ్వారు, అది జరిగింది. పనికిరావని ఎవరన్నారు?"

"ఎర్రన్న. కాదు, వాడు కొండముచ్చు మొహం అన్నాడు."

"నువ్వు కొండముచ్చువే కదా. నీకు కుందేలు మొహం ఎక్కడినుంచి వస్తుంది?"

కాటుక నోరు తెరిచింది. అది నిజమే సుమా. మామిడికాయను పట్టుకుని మామిడికాయ మొహమా అని తిట్టినట్టు. దానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక సూదమ్మ మళ్ళీ అడిగింది.

"మరి పనికిరావని ఎవరన్నారు?"

కాటుక చాలాసేపు వెతికింది. జేజి అనలేదు. చుక్కమ్మ అనలేదు. "నేనే అనుకున్నాను" అంది మెల్లగా.

"పోనీ ఇది చెప్పు. చినుకు చెట్టువేరును చూసి పామనుకుని గెంతింది. నువ్వు పక్కనే ఉన్నావు. 'నీ మొహం, నువ్వు దేనికీ పనికిరావు' అంటావా?"

"ఛ, అలా ఎందుకంటాను? 'గెంతడమే మంచిదైందిలే, నిజంగా పామైతే ఏమయ్యేది' అంటాను."

సూదమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ముళ్ళు కూడా కదల్లేదు. మనమైతే ఇక్కడ పెద్ద ఉపన్యాసం ఇచ్చేసేవాళ్ళం. ఆవిడ ఊరుకుంది. అలా ఊరుకోవడం వల్ల కాటుకకు తను ఇప్పుడే అన్న మాట తనకే వినిపించింది. ఇంటికి వెళ్తూ దారిపొడవునా, "గెంతడమే మంచిదైందిలే" అని తనకు తనే చెప్పుకుంది.

అంతటితో బాగైపోయిందనుకునేరు. అసలు తమాషా అప్పుడే మొదలైంది. కాటుకకు ఒక్కసారిగా ఉషారు ఎక్కింది. ఉషారు కాస్తా తలకెక్కింది. "నా మొహం... నా మొహం లాంటి మొహం ఈ అడవిలోనే లేదు" అని కొమ్మ కొమ్మకూ వెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది. వాగులో నీడ చూసుకుని, అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి. చూసి చూసి చేపలు కూడా విసిగిపోయాయి. అదే ఊపులో సూదమ్మ దగ్గరికి వెళ్ళి, "నాకు నయమైపోయిందత్తా" అంది.

"సంతోషం. నిన్న కావలిలో ఏం చూశావు?"

"అందరూ నన్ను చూస్తున్నారా లేదా అని చూశాను."

"వాగు అవతల?"

కాటుక బుర్ర గోక్కుంది. "అటు చూడలేదు."

"ఇదివరకు నీ మొహం బాగాలేదని దాని గురించే ఆలోచించేదానివి. ఇప్పుడు బాగుందని దాని గురించే ఆలోచిస్తున్నావు. మధ్యలో చినుకు సంగతి ఎవరు చూస్తున్నారు?"

కాటుకకు కోపం వచ్చింది. లేచి చరచరా వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు అటువైపే రాలేదు. తర్వాత ఒక సాయంత్రం తనంతట తనే వచ్చి, ఎప్పుడూ కూర్చునే రాయి మీద కూర్చుంది.

"కోపం వచ్చిందత్తా" అంది.

"తెలుసు. వచ్చినా చెప్పావు చూడు, అది బాగుంది."

దూరంగా దుప్పులు మేస్తున్నాయి.

"నా మొహంలో రెండు కళ్ళున్నాయి అత్తా" అంది కాటుక ఉన్నట్టుండి.

"ఆహా?"

"బాగానే పనిచేస్తాయి. అప్పుడప్పుడు పొరపాటు పడతాయి."

"పొరపాటు పడితే?"

"మళ్ళీ చూస్తాయి."

సూదమ్మ ముళ్ళు గలగలమన్నాయి. అది ఆవిడ నవ్వు. "ఇది నిండు వాక్యం తల్లీ" అంది.

ఇంతలో మబ్బులు పట్టాయి. కొండ అవతల పచ్చిక మొలుస్తోందని కబురు వచ్చింది. చుక్కమ్మ మేస్తూ మేస్తూ కొండవైపు చూడటం మొదలుపెట్టింది. కాటుక పొద్దున్నే చిటారుకొమ్మ ఎక్కి, చూపు తిప్పకుండా కాపలా కాస్తోంది.

ఒకరోజు వాగు అవతల గడ్డి కదిలింది. పసుపుపచ్చటి ఒళ్ళు ఒకటి నక్కి నక్కి వస్తోంది. కాటుక ఆలస్యం చెయ్యలేదు. "ఖక్, ఖక్, ఖక్" అంది. దుప్పులు పరుగుతీశాయి.

గడ్డిలోంచి అడవిపిల్లి ఒకటి బయటికి వచ్చింది. దాని నోట్లో ఎలుక. ఇంతమంది తననే చూస్తున్నారని దానికి సిగ్గేసి, ఎలుకతో సహా పొదలోకి జారుకుంది.

ఇక చూడండి ఎర్రన్నను. వాడు ఆ సమయానికి నేల మీద, రాలిన పళ్ళు ఏరుకుంటున్నాడు. పళ్ళు పారేసి దొర్లాడు. "అప్పుడు పుట్ట, ఇప్పుడు పిల్లి. రేపు ఉడత వస్తే ఊరు ఖాళీ చేయిస్తావా?" కోతులన్నీ కిచకిచలాడాయి. తిరిగొచ్చిన దుప్పులు కూడా పిల్లి దూరిన పొదవైపు చూస్తూ నవ్వుతున్నాయి.

కాటుక చెవులు వేడెక్కాయి. పాత మాట గొంతులోకి వచ్చింది. అది వస్తుంది పిల్లలూ. సూదమ్మ దగ్గరికి వెళ్ళినవాళ్ళకు కూడా వస్తుంది.

"పిల్లే" అంది కాటుక. "గడ్డి పొడుగ్గా ఉంది, ఒళ్ళు సగమే కనపడింది. నేను పొరపాటు పడ్డాను."

అని, దిగి ఆకుల్లో దాక్కోకుండా, మళ్ళీ చూడటం మొదలుపెట్టింది.

అందరూ పిల్లి దూరిన పొదవైపు చూస్తున్నారు కాబట్టి కాటుక రెండోవైపు చూసింది. అక్కడ బండ వెనక, నేలకు ఆనించినట్టుగా, ఒక తోక. గాలి ఇటునుంచి అటు వీస్తోంది. దుప్పుల ముక్కులకు ఏమీ అందదు. బండకు దగ్గరలో చినుకు, తల్లి పక్కనే నిలబడి నవ్వుతోంది.

ఇప్పుడే అందరూ నవ్వారు. ఇంకా నవ్వుతూనే ఉన్నారు. రెండో కేక కూడా వట్టిదైతే చుక్కమ్మ సాయంత్రానికి కొండ ఎక్కేస్తుంది. కాటుక మళ్ళీ చూసింది. తోక కొస మెల్లగా అటూ ఇటూ కదిలింది.

"ఖక్, ఖక్, ఖక్, ఖక్."

"ఇప్పుడేమిటే, పిల్లి నోట్లో ఎలుకా?" అన్నాడు ఎర్రన్న.

చుక్కమ్మ తలెత్తింది. కన్నుమూసి తెరిచినంతసేపు ఆగింది. పైన కాటుక ఎవరివైపూ చూడటం లేదు. నవ్వేవాళ్ళకు జవాబు చెప్పడం లేదు. చూపు బండ మీద నిలిపి, గొంతు ఆపకుండా అరుస్తోంది. చుక్కమ్మ ఇంక ఆగలేదు. తలతో చినుకును ముందుకు నెట్టి దూకింది.

మరుక్షణం వాళ్ళు నిలబడ్డ చోట చిరుత వచ్చి పడింది. దాని నోటికి గడ్డి తప్ప ఏమీ దక్కలేదు. నాలుగు పరకలు నములుతూ, "ఈ చెట్టు దగ్గర నాకెప్పుడూ కలిసిరాదు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మరి ఎర్రన్న? ఒక్క గెంతులో చెట్టెక్కాడు. ఏ చెట్టో చూసుకోలేదు. దొరికినదాన్ని గట్టిగా కావిలించుకుని, కళ్ళు మూసుకుని వణుకుతున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే వాడు కావిలించుకున్నది కాటుకను.

"వెళ్ళిపోయింది. ఇక వదులు" అంది కాటుక.

చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చింది. ఇంకా రొప్పుతోంది. "మొదటి కేకకు ఊరికే పరిగెత్తామని నాకేం బాధ లేదమ్మా, కాళ్ళు సాగాయి. అందరూ నవ్వాక నువ్వు రెండో కేక వెయ్యవేమో అన్నదే నా భయం" అంది.

"నాకూ భయమేసింది పిన్నీ."

"వేసినా అరిచావు. మేం ఎక్కడికీ పోవట్లేదు. కాసిన్ని లేత ఆకులు రాల్చు, బిడ్డకు ఆకలేస్తోంది."

కాటుక ఆకులు రాల్చింది. మొదటి గుత్తి చినుకు నెత్తి మీదే పడేలా గురి చూసి మరీ రాల్చింది.

వానలు పడ్డాయి. ఒకరోజు వాన వెలిశాక ఎర్రన్న కాటుక కొమ్మ మీదికి వచ్చి, కాస్త ఎడంగా కూర్చున్నాడు. తోకను చేతిలో పట్టుకుని మెలిపెట్టాడు. ఆకాశం చూశాడు. ఆకు తెంపాడు.

"కాటుకా, ఆ సూదమ్మ ఏ పూట ఉంటుంది?"

"ఎందుకు?"

"నాకోసం కాదులే. మా చుట్టాలబ్బాయి ఒకడున్నాడు. ఎవరైనా తప్పు చేస్తే వాడు అందరికంటే ముందు నవ్వాలి. లేకపోతే వాణ్ణి చూసి ఎవరైనా నవ్వుతారేమోనని భయమంట. ఎప్పుడూ ఆ భయమేనంట పాపం."

కాటుకకు అనడానికి మంచి మాటలు చాలానే తోచాయి. మీకూ తోచే ఉంటాయి, నాకు తెలుసు. కాటుక ఒక్కటీ అనలేదు.

"ఎండ చల్లబడ్డాక వెళ్ళమను" అంది. "తొలిసారి ఒక్కడే వెళ్ళడానికి జంకితే నేను తోడు వస్తానని చెప్పు."

"చెబుతాను" అన్నాడు ఎర్రన్న. కాసేపాగి, "ఈ సాయంత్రం వాడికి తీరికేనంట" అన్నాడు.

ఆ చుట్టాలబ్బాయిని మాత్రం అడవిలో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.

నీతి: మనల్ని మనం తిట్టుకోకుండా, పొగుడుకోకుండా, ఉన్నది ఉన్నట్టు చూసుకోగలిగితే పొరపాటు పడ్డాక కూడా నిలబడగలం. ఆ చూపు మనంతట మనకు రాకపోతే, వినడం నేర్చినవాళ్ళ సాయం అడగడంలో సిగ్గేమీ లేదు.